శనివారం నేను కొననివ్వని బేరింగులు

బుడ్డోడా, నువ్వు పోయావని ఊరందరికీ తెలిసింది. నాకే ఇంకా సరిగ్గా తెలియలేదు. అందుకే రాస్తున్నాను.

చదివేవాళ్లకు చెప్పాలి. నా కొడుకు పోయిన నెలలో ఒక సోమవారం మధ్యాహ్నం మా ఇంటి ముందరే చనిపోయాడు. గుండెపోటు అన్నారు. ముప్పై నాలుగేళ్లు వాడికి. వల్లూరులో సోలార్ ప్లేట్లు కడగడానికి నీళ్లు తోలే ట్యాంకర్ లారీకి డ్రైవరు. వాళ్ల నాయన ఎప్పుడో పోయాడు, వాడికి పెళ్లి కాలేదు, ఇంట్లో మేమిద్దరమే.

మా శనక్కాయ చేను ఉన్నచోట ఇప్పుడు ప్లేట్లే ఉన్నాయి. చేను సోలార్ కంపెనీకి కౌలుకు ఇచ్చేసిన ఏడాది నేను చాలా ఏడ్చాను. "ఏడ్చొద్దుమా. చేనుకు నీళ్లు పెట్టలేకపోతిమి. ఇప్పుడు సూడు, దినామూ ట్యాంకర్లకు ట్యాంకర్లు పెడ్తాండా" అని వాడు నన్ను నవ్వించాడు. నిజమే. బోరు ఎండిపోయిన చేనులో నా కొడుకు గాజు పలకలకు నీళ్లు పోశాడు.

లారీ ఎక్కడ ఆపినా వాడు మొదట చేసే పని ఒకటే. దిగి వచ్చి ముందు చక్రం నడుమ ఉండే హబ్బు మీద అరచెయ్యి పెట్టేవాడు. చెయ్యి నిలిస్తే లోపల బేరింగులు బాగున్నట్టు. చురుక్కుమంటే బాగాలేనట్టు. టీ అంగడి దగ్గర అందరూ ఎగతాళి చేసేవాళ్లంట, "ఏమప్పా, చక్రానికి జొరం చూస్తాండావా?" అని. "మనం సూడకపోతే అది నోరు తెరిచి చెప్పదు కదన్నా" అనేవాడంట.

వాడు పోవడానికి ముందరి శుక్రవారం సాయంత్రం లారీ ఇంటికి వస్తుంటే ఎడమవైపు ముందు చక్రం నుంచి సన్నగా మూలుగుతున్నట్టు శబ్దం వచ్చింది. వాడు జాకీ పెట్టి చక్రం లేపాడు. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపితే చక్రం కటక్ కటక్‌మని ఆడింది. ఒక్కడే మోసి చక్రం దించాడు. లోపల రెండు బేరింగులు ఉంటాయి, లోపలివైపు పెద్దది, బయటివైపు చిన్నది. రెండూ పోయాయి అన్నాడు.

లారీ యజమాని ఫోనులో, "అదే ఎక్కించి రెండు దినాలు ఎట్లోకట్ల తోలప్పా" అన్నాడు.

"తోలను సార్. ముందర చక్రం ఊడితే నేనొక్కణ్ణే పోను. ఎదురుగా వచ్చే బస్సు కూడా పోతాది."

అలా అన్నవాడు శనివారం పొద్దున్నే తలకు పోసుకుని, చొక్కా తొడుక్కుని, పాత బేరింగులు పేపర్లో చుట్టుకున్నాడు. పావగడకు పోయి కొత్తవి తెస్తానన్నాడు.

పావగడలో శని దేవుడి గుడి ఉంది. మా ఇంట్లో శనివారం ఒక్కపొద్దు ఉంటాం. ఇనుము కొనం, చిన్న మేకు కూడా కొనం. మా అత్త చెప్పింది, నేను పాటించాను.

"ఈ పొద్దు ఇనుము కొనగూడదు రా" అన్నాను.

"బేరింగు ఇనుమెక్కడమా, ఉక్కు."

"ఉక్కు యాన్నించి వచ్చె? ఇనుము కడుపులోంచే కదా."

వాడు నవ్వాడు. నవ్వి, ఎద మీద చెయ్యి పెట్టుకున్నాడు. "సరే, బేరింగులు సోమారం తెస్తా. ఆస్పత్రికన్నా పోయొస్తా మా. నిన్న చక్రం దించినప్పట్నించీ ఈడ పట్టేసినట్లుండాది."

"అది గాలి రా. సోడా తాగు. ఎట్లాగూ సోమారం పోతావు కదా, రెండు పనులూ ఒకేతూరి సూసుకో. ఊరికే రెండుసార్లు బస్సెక్కేదెందుకు?"

వాడు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

ఈ మాటలు రాయడానికే నేను ఇదంతా మొదలుపెట్టాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. శనివారం ఇనుము కొనవద్దన్నది మా అత్త. ఆస్పత్రికి వద్దన్నది నేను. అది ఏ దేవుడి మాటా కాదు.

ఆదివారం అంగళ్లు ఉండవు. వాడు పడుకునే ఉన్నాడు, ఆకలి లేదన్నాడు. సోమవారం వాడితో నేనూ బస్సెక్కాను, బేరింగులు కొన్నాక ఆస్పత్రికి నేనే తీసుకుపోవాలని.

అంగడాయన వాడికి బాగా తెలిసినవాడే. నన్ను చూసి, "ఏమప్పా, ఈతూరి మీయమ్మను పిల్చుకోనొచ్చినావు. బేరమాడేకా?" అన్నాడు.

"నువ్వు డూప్లికేటు చూపిస్తే శాపం పెట్టేకి అన్నా."

"మొదలు పెండ్లి చేసుకోప్పా. ఎంతకాలం ఆయమ్మను తిప్పుతావు?"

"పెండ్లికూతురుకీ బేరింగు మాదిరి నంబరుంటే ఎప్పుడో తెచ్చుకుందును కదన్నా" అన్నాడు వాడు. ముగ్గురం నవ్వాం.

వాడు పాత బేరింగులు విప్పి ముందర పెట్టాడు. కిరసనాయిలుతో కడిగి తుడిచి తెచ్చాడు. అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. అంగడాయన ఒక డబ్బా తీసి, "సైజు అదే. కడాన అక్షరమొకటే వేరే. దాంట్లో కూర్చుంటాదిలే" అన్నాడు.

"కూర్చునేది కాదన్నా నాకు కావాల్సింది, తిరిగేది."

"అయితే కప్పు లేకుండా బేరింగు మాత్రం ఎత్తుకోప్పా. పాత కప్పు బాగానే ఉండాది కదా." బేరింగు ఏ ఉక్కు కడియంలో కూర్చుని తిరుగుతుందో దాన్ని వాళ్లు కప్పు అంటారు.

వాడు ఆ కప్పు తీసి నా చేతిలో పెట్టాడు. "మా, నువ్వు ఇత్తనాల్లో పుచ్చులు ఏరుతావు కదా. గోరు పెట్టి లోపలంతా తిప్పు."

తిప్పాను. చుట్టూ నున్నగా పోయింది. ఒకచోట గోరు తట్టుకుంది. కంటికి ఆనని చిన్న గుంట. "ఈడ పుచ్చుండాది" అన్నాను.

"ఇన్నావా అన్నా? ఆ గుంట కొత్తదాన్ని కూడా తింటాది. కప్పుతో సహా ఇయ్యి, లోపలివైపుదీ బయటివైపుదీ రెండూ."

అంగడాయన లోపలికి పోయి సరైన నంబరువి రెండు జతలు తెచ్చాడు. వాడు డబ్బా మీద నంబరు, బేరింగు మీద నంబరు ఒక్కొక్క అక్షరం వేలుపెట్టి చదివాడు. తర్వాత, "ఈ రెండిట్లో యాది తీసుకుందాముమా?" అని నన్ను అడిగాడు. నేను గోరు తిప్పి ఒక జత ఏరాను. వాడు ఇంక మారుమాట లేకుండా అదే కట్టించాడు. నా చదువు కొంచెమే. నా వేలికి అంత విలువ ఇచ్చినవాడు వాడొక్కడే.

అంతసేపూ వాడు బల్లకు ఆనుకునే నిలబడ్డాడు. మెడ మీద చెమట కారుతోంది. ఎండ అనుకున్నాను.

"పా, ఆస్పత్రికి పోదాం" అన్నాను బయటికొచ్చాక.

"నొప్పి తగ్గిందిమా. ప్లేట్లు మూడు దినాలుగా దుమ్ము పట్టుండాయి. చక్రం ఎక్కించి సాయంత్రం పోతా." బస్సు కదలబోతోంది. నేనే ముందు ఎక్కాను.

ఇంటికొచ్చాక నేను రాగిముద్దకు ఎసరు పెట్టి గడపలో కూర్చున్నాను. వాడు అరచేతిలో గ్రీసు వేసుకుని బేరింగు సందుల్లోకి ఒత్తి ఒత్తి నింపాడు. కొత్త కప్పును చుట్టూ తట్టుకుంటూ కొంచెం కొంచెంగా దించాడు. చక్రం మోయడానికి పక్కింటాయన వచ్చి ఒక చెయ్యి వేశాడు. నడుమ నట్టు గట్టిగా బిగించి, మళ్లీ పిసరంత వదిలాడు.

"బిగించేది అందరికీ వస్తాదిమా. ఎంత వదలాలో తెలియాల. మరీ బిగిస్తే కాలిపోతాది, మరీ వదిలితే ఊడిపోతాది" అన్నాడు. చక్రాన్ని చేత్తో తిప్పి, "ఇను" అన్నాడు. ఏమీ వినబడలేదు. గాలి మాత్రం వచ్చింది.

"ముద్ద పెట్టుమా, చేతులు కడుక్కోనొస్తా."

రెండుసార్లు పిలిచాను. మూడోసారి బయటికి వచ్చి చూస్తే చక్రానికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. చేతులకు గ్రీసు అలాగే ఉంది. లేపాను, లేవలేదు. ఆటోలో పావగడకు తీసుకుపోయాం. డాక్టరు చూసి, "రెండు మూడు దినాల నుంచే ఉండింటాదమ్మా. మొదటి దినమే వచ్చింటే..." అని ఆపేశాడు. మిగిలింది నేను రోజూ పూర్తి చేసుకుంటున్నాను.

ఇప్పుడు ఆ లారీ వేరే డ్రైవరు తోలుతున్నాడు. మొన్న ఇంటి ముందర ఆపి, "నీ కొడుకు ఎక్కించిన చక్రం ఈకంత సద్దు చేయదత్తా" అని చెప్పి పోయాడు.

శనివారం ఒక్కపొద్దు, ఆదివారం ఆకలి లేదు, సోమవారం ఉత్త టీ. ఖాళీ కడుపుతో పోయాడు. వాడు పోయిన మూడో రోజు వంటింట్లో చేట ఒకటి బోర్లించి ఉంటే తీశాను. కింద ఆ రోజు వడ్డించిన కంచం. ముద్ద ఎండి పగిలింది. నడుమ గుంటలో ఉలవచారు మీగడలా అట్టగట్టింది. ఆ గుంట నా వేలితో చేసింది. వాడి వేలు పడలేదు.

ఇది చదివినవాళ్లు వేళకు తినండి. కడుపు నిండా తినండి.