గొర్రెలు కడిగిన వంక

మొన్న ఆదివారం పొద్దున ధర్మవరంలో మా వీధి మలుపున ఉన్న టీ అంగట్లో కూర్చుని పేపరు తిప్పుతుంటే, జిల్లా పేజీ అడుగున, ఒక సంతాప ప్రకటనకూ ఒక కోచింగ్ సెంటరు ప్రకటనకూ మధ్య ఇరుకున, నాలుగు వాక్యాల వార్త కనబడింది. పక్క మండలంలో ఎక్కడో వింత వ్యాధి సోకి గొర్రెలు మృత్యువాత పడ్డాయట, కాపరులు ఆందోళన చెందుతున్నారట. వయసు మీద పడ్డాక కోపం తగ్గుతుందని పెద్దలు అంటారు గానీ నాకు మాత్రం ఒళ్ళు మండిపోయి, టీ సగంలో వదిలేసి లేచి వచ్చాను. ఆ వార్త రాసిన కుర్రవాడు ఎవరో నాకు తెలియదు, అతని మీద నాకు కోపమూ లేదు. పాతికేళ్ళ కిందట అవే మాటలు నా చేత్తో నేనే రాసి, నా సొంత మేనమామను ముంచాను.

అప్పట్లో నేను హిందూపురంలో విలేకరిని. నా తరంవాళ్ళకు ఆ బతుకు తెలిసే ఉంటుంది. పగలంతా సైకిలు మీద తిరిగి, సాయంత్రం వార్తలన్నీ తెల్లకాగితాల మీద రాసి, కవరులో పెట్టి, అనంతపురం పోయే బస్సు డ్రైవరు చేతికిచ్చి బతిమాలి పంపితే, మరునాడు పొద్దున అందులో ఏవి బతికాయో ఏవి చచ్చాయో పేపరు చూస్తే గానీ తెలిసేది కాదు. ఉగాదికీ దసరాకూ ప్రకటనలు తెచ్చే పని కూడా మా నెత్తినే ఉండేది. ఎవరి దగ్గర ప్రకటన అడుక్కున్నామో వాళ్ళ మీద వార్త రాయకూడదని మాకెవరూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ ఎవరికీ రాలేదు.

మామ ఊరు హిందూపురానికీ పెనుకొండకూ నడుమ, రోడ్డు దిగి లోపలికి మూడు మైళ్ళు నడవాలి. అది మా అమ్మ పుట్టిన ఊరు. మాది తరతరాలుగా గొర్రెలు కాసే ఇల్లు, మా నాయన ఒక్కడే చదువు మీద మోజుతో నన్ను బడికి పంపాడు. ఊరికి పైన ఆసాముల ఇళ్ళు, వాళ్ళకు ట్యాంకు నీళ్ళు. కింద వంక గట్టున మావాళ్ళ ఇళ్ళు, మాకు వంక ఇసుకలో తవ్వుకున్న చెలమే తాగునీరు. బొచ్చు కత్తిరించే ముందు మందను వంకలో కడగడం మావాళ్ళ ఆచారం. మడుగులో నడుము లోతు నీళ్ళలో మగవాళ్ళు వరసగా నిలబడితే, గట్టు మీది నుంచి ఒక్కొక్క గొర్రెను నీళ్ళలోకి తోస్తారు, అది చేతులు మారుతూ, మెడా వీపూ రుద్దించుకుంటూ, అవతలి ఇసుకలోకి తేలి ఒళ్ళు విదిలించుకుంటుంది. చిన్నప్పుడు ఆ రోజు కోసం నేను బడి ఎగ్గొట్టేవాణ్ణి. సాయంత్రానికి ఊరంతా తడి బొచ్చు వాసన. ఆ వాసన పడని కోడళ్ళు ముక్కు మూసుకుంటే మా అవ్వ, ఈ కంపుతోనే మీకు కూడు పుడతాండాది అని తిట్టేది.

తరవాత ఊరికి ఎగువన ఏదో రసాయనాల ఫ్యాక్టరీ వచ్చింది. మొదట్లో దాని నీళ్ళు ఒక పెద్ద ఆసామి మల్బరీ తోట పక్క కాలవలోకి గొట్టం వేసి వదిలారు. ఆ ఆకు మేసిన పట్టుపురుగులు తట్టల్లోనే నల్లబడి చచ్చిపోతే, ఆసామి జీపేసుకుని టౌనుకు ఒక్కసారి పోయి వచ్చాడు. పదిహేను రోజులు తిరక్కుండా గొట్టం మలుపు తిరిగింది. అక్కడి నుంచి తీసి, తోట దాటించి, వంకలోకి పెట్టారు. విషమని ఫ్యాక్టరీవాళ్ళకు తెలియదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. తెలుసు కాబట్టే మార్చారు. ఎవరి గుమ్మం ముందు పోస్తే అడిగేవాడు ఉండడో కూడా చూసుకునే మార్చారు. ఈ సంగతి మావాళ్ళకు ఎవరూ చెప్పలేదు, గొర్రెలు పోయాక ఆరా తీస్తేనే తెలిసింది.

ఆ ఏడు తొలివానలకు వంక పారింది. మడుగు మీద తెల్లగా నురగ తేలితే కొత్తనీళ్ళు గదా అనుకున్నారు. మామ మందను దించాడు. ఆ రోజు నేనూ వెళ్ళాను. బొచ్చు ఎప్పుడూ లేనంత తెల్లగా వస్తూంటే నీళ్ళలో నిలబడ్డవాళ్ళు ఒకటే పరాచికాలు.

"ఏమబ్బా, ఈసారి సోపు కంపెనీవోల్లే ఏసినట్టుండారే!"

"నువ్వు కూడా మునుగప్పా, నీ పెండ్లాం గుర్తు పట్టకుండా పోతాది!"

నేనూ నవ్వాను. గొర్రెలు కడిగించుకుంటూనే నీళ్ళు తాగాయి. మరునాడు పొద్దెక్కేసరికి మొదటిది నోట నురగ కక్కుతూ కాళ్ళు కొట్టుకుంది. పొద్దు వాలేలోపల అరవైకి పైగా పోయాయి, మందలో మిగిలినవి పదో పన్నెండో. ఇంటి జీవాన్ని కుక్కలకూ గద్దలకూ వదలకూడదు, దీపాలు పెట్టకముందే మట్టి చేయాలి, ఇదీ మావాళ్ళ పద్ధతి. అందరూ పడి పెద్ద గొయ్యి తవ్వి, పసుపు నీళ్ళు చల్లి పూడ్చేశారు. మరునాడు వచ్చిన పశువుల డాక్టరు, కోసి చూడ్డానికి శవం లేకుంటే నేనేం చెప్పేదని, కారణం తేలలేదని రాసి వెళ్ళాడు. నీళ్ళలో నిలబడ్డ మామకూ, చెలమ నీళ్ళకని వంకలో దిగిన అత్తకూ కాళ్ళకు పుండ్లు లేచాయి. వాటిని చూడమని ఎవరూ డాక్టరును తేలేదు.

మామ పోలీసుల దగ్గరికీ పోయాడు. ఎత్తుకుపోయినారా అని అడిగారట. లేదు, చచ్చినాయి అంటే, "చస్తే ఈడికెందుకొచ్చినావప్పా, పశువుల ఆస్పత్రికి పో" అన్నారట. ఎవడన్నా ఒక్క గొర్రెను మోటారు సైకిలు మీద వేసుకుపోతే వాణ్ణి స్తంభానికి కట్టేసి కొట్టి, ఆపైన కేసు పెట్టేవాళ్ళు. ఒక మంద మందనే చంపి, ఒక వీధి తాగే నీళ్ళలో విషం కలిపినవాడి పేరు రాసుకోవడానికి ఆ స్టేషనులో రిజిస్టరే లేదు.

ఇక నా సంగతి. వార్త నేను రాయాలి. ఫ్యాక్టరీ నీళ్ళని రాస్తే బతకదని నాకు తెలుసు, అంతకు నెల ముందే ఆ ఫ్యాక్టరీ మేనేజరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉగాది ప్రకటన తెచ్చుకున్నది నేనే. ఏదో ఒకటి అచ్చయితే చాలు, అధికారులు కదులుతారు అని నాకు నేను సర్ది చెప్పుకుని, వింత వ్యాధి సోకి గొర్రెలు మృత్యువాత పడ్డాయని రాసి కవరు బస్సెక్కించాను. అక్షరం పొల్లు పోకుండా అచ్చయింది.

మామ అర్జీ మీద కొన్నాళ్ళకు పెనుకొండ డివిజన్ ఆఫీసులో విచారణ పెట్టారు. ఫ్యాక్టరీదే తప్పని తేలితే మామకు మళ్ళీ మంద దొరుకుతుంది, వంకలో గొట్టం మూతపడుతుంది, చెలమ బాగుపడుతుంది. కింది వీధి ఆశంతా దాని మీదే. మామ చలవ చేసిన పంచె కట్టి, తలకు రుమాలు చుట్టి, భుజాన కంబళితో వచ్చాడు. నేను విలేకరుల బెంచీ మీద ఉన్నాను. నన్ను చూసి, ధైర్యంగా ఉండమన్నట్టు తలూపాడు, ధైర్యం కావలసింది నాకైనట్టు.

నీ దగ్గర ఆధారం ఏముందని అధికారి అడిగాడు. మామ రొంటిలో నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నాలుగు మడతలు పెట్టిన పేపరు కత్తిరింపు. మామకు అక్షరం ముక్క రాదు. చదివి చెప్పమని ఆయన ఎవర్నీ అడగలేదు. రాసింది మేనల్లుడు, ఇంక చదివించుకునేదేముంది?

"సామీ, మా అల్లుడు పేపర్లో రాసినాడు. జరిగిందంతా దీంట్లోనే ఉండాది. ఇంక నేను చెప్పేదేముంది" అని రెండు చేతులా అందించాడు.

గుమాస్తా బిగ్గరగా చదివాడు. వింత వ్యాధి అన్నచోట ఫ్యాక్టరీ మేనేజరు తల వంచుకుని చిన్నగా నవ్వుకున్నాడు. అధికారికి కోపం కూడా రాలేదు, జాలి పడ్డాడు.

"ఏమప్పా, రోగమని నువ్వే తెచ్చిస్తివి కదా. ఇంక ఫ్యాక్టరీవాళ్ళనెందుకంటావు?"

మామ వెనక్కి తిరిగి నన్ను వెతుక్కున్నాడు. నేను లేచి, అది నేను రాసిన అబద్ధం సార్ అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. మహా అయితే నా విలేకరి పని పోయేది. నేను నోట్‌బుక్కులోకి తల దించి ఏదో గీకుతున్నట్టు నటించాను. మిగిలిన గొర్రెలకు వెంటనే టీకాలు వేయించాలని అధికారి ఆదేశించాడు. టీకాలు! విషం తాగి చచ్చినవాటి తోబుట్టువులకు టీకాలు. దాన్నీ నేనే వార్తగా రాసి పంపాను.

బస్టాండులో మామ నాకు బోండాలు కొనిపెట్టాడు. తింటుంటే, నా మొహం చూడకుండా అడిగాడు.

"అబ్బా, ఆ మాట నువ్వే రాసినావా, ఇంకెవురన్నానా?"

"నేను రాసింది వేరే. పైన ఆఫీసులో మార్చినారు మామా."

"నేనూ అట్లే అనుకున్యా. నువ్వట్లా రాస్తావా యాడన్నా" అన్నాడు, తన పొట్లంలోని బోండా ఒకటి నా చేతిలో పెట్టి.

ఆ తరవాత మామ మిగిలిన పది జీవాలనూ సంతలో అమ్మేసి, అత్తను తీసుకుని బెంగళూరు పోయి, కట్టే బిల్డింగుల దగ్గర కాపలా పనిలో చేరాడు. నలభయ్యేళ్ళు గొర్రెల్ని కాచిన మనిషి సిమెంటు మూటల్ని కాచాడు. పండగకో పబ్బానికో కలిసినప్పుడల్లా నిజం చెప్పేద్దామనుకునేవాణ్ణి, ఆయన నన్ను పక్కవాళ్ళకు మా అల్లుడు పేపరోడు అని గొప్పగా చూపించేవాడు, నేను నవ్వి వాళ్ళకు నమస్కారం పెట్టేవాణ్ణి. రెండేళ్ళ కిందట అక్కడే ఒక రేకుల షెడ్డులో పోయాడు. ఆయనకు చెప్పలేనిది ఇప్పుడు మీకు చెబుతున్నాను. దీనివల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదని నాకు తెలుసు.

ఈమధ్య ఆ ఊరికి పోయాను. మల్బరీ తోట ప్లాట్లయి, రాళ్ళు పాతి ఉంది, ఆసామి పిల్లలు హిందూపురంలో మేడలు కట్టుకున్నారు. ఫ్యాక్టరీ గోడ మీద పచ్చని చెట్టు బొమ్మ, కింద ప్రకృతిని కాపాడుదాం అని పెద్ద అక్షరాలు. కింది వీధిలో సగం ఇళ్ళకు తాళాలు, ఉన్నవాళ్ళు క్యాను నీళ్ళు కొనుక్కుని తాగుతున్నారు. పిల్లలకు గొర్రెలు కడగడమంటే ఏమిటో తెలియదు, చెబితే కారు కడిగినట్టా అని అడిగారు. గొట్టం మాత్రం వంకలో ఉన్నచోటే ఉంది.

తిరిగి వస్తూ పెనుకొండలో ఆగి, అదే ఆఫీసులో, ఆ వంక సంగతి ఇప్పుడెలా ఉందని అడిగాను. అక్కడ కూర్చున్న కుర్ర ఉద్యోగి మర్యాదగా కుర్చీ వేసి, కంప్యూటరులో చూసి, ఆ వైపు నుంచి ఏళ్ళ తరబడి ఒక్క ఫిర్యాదు కూడా లేదు సార్, అంతా బాగున్నట్టే అన్నాడు.