నా ఒంట్లో కరెంటు లేదని తేలిన సాయంత్రం

ఆ రోజుల్లో సర్కారు నౌకరీ ఉన్న పిల్లవాడికి సంబంధాలు వాటంతటవే నడిచి వస్తాయనేవారు. నాకూ వచ్చేవి, కాకపోతే గుమ్మం దాకా వచ్చి చెప్పులు విడవకుండానే తిరిగి పోయేవి. కారణం ఆ నౌకరీయే. వనపర్తి దగ్గర ఒక పెద్ద సబ్‌స్టేషన్లో నేను కొత్తగా చేరిన ఆపరేటర్ని. ఒకరోజు అమ్మ పంపిన సద్ది పట్టుకుని మేనమామ వచ్చాడు. గొప్ప చూపించుకుందామని, పొద్దు గూకే వేళ ఒక మంచి ట్యూబ్‌లైటును టవర్ లైను కింద నిలువుగా పట్టుకున్నాను. వైరు లేకుండానే అది మసక మసగ్గా వెలిగింది. (కుర్రతనం. మా పెద్ద సారు చూసి ఉంటే ఆ రోజే ఇంటికి పంపేవాడు.) పైన తీగల చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రం వల్ల అలా వెలుగుతుందని చెప్పాను గానీ, మామ వింటేనా? మల్దకల్ గుడి దగ్గర కనిపించిన వాళ్లందరికీ, "మా అల్లుడు ముట్టుకుంటె సాలు, ట్యూబ్‌లైట్ ఎలుగుతది" అని చెప్పుకుంటూ పోయాడు. దాంతో నా విలువ పెరుగుతుందని ఆయన నమ్మకం. ఆడపిల్లల తండ్రులు మాత్రం జడుసుకున్నారు.

చివరికి అయిజ నుంచి ఒక సంబంధం నిలబడింది. ఫోటో చూసినప్పుడే ఆ అమ్మాయి మీద నాకు మనసైంది, దాపరికం ఎందుకు? ఇది కూడా తప్పిపోతే ఏమైపోతానో అన్నంత భయంతో మామను వెంటబెట్టుకుని చూడబోయాను. అమ్మాయి తాత నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "మా చేను మీదికెళ్లి టవర్ లైను పోయినప్పటి సంది బర్రె సూడి నిలుస్తలేదు పిలగా. నువ్వేమో పొద్దుమాపు ఆ తీగెల కిందనే ఉంటవు. రేపు మా పిల్లకు..." అని మిగతాది దగ్గులో దాచేశాడు. (పశువుల డాక్టరుకు చూపించండి అనబోయి నాలుక కరుచుకున్నాను.) "మేం తిరిగే కాడ తీగెల ప్రభావం ఎంతుందో కొలిచి చూసిండ్రు తాతా, ఉండదగ్గ హద్దు కన్న తక్కువనే ఉంది" అన్నాను వినయంగా. "ఎవరు కొలిచిండ్రు?" "మా డిపార్ట్‌మెంటోళ్లే." "గదే మరి" అని ఆయన జేబులోంచి టెస్టర్ తీశాడు. బోరు మోటారు ఉన్న రైతు కదా, టెస్టర్ లేకుండా బయటికి రాడు. అందరూ చూస్తుండగా దాన్ని నా మోచేతికి ఆనించాడు. వెలగలేదు. మెడకు ఆనించాడు. వెలగలేదు. నా ప్రాణం కుదుటపడేలోగా మా మామకు పౌరుషం వచ్చింది. "ఇప్పుడు డ్యూటీల లేడు కద, ఎట్ల ఎలుగుతది? డ్యూటీల ఉన్నప్పుడు సూడాలె" అన్నాడు.

సంబంధం పోయిందనుకున్నాను. అప్పుడు తలుపు చాటు నుంచి ఆ అమ్మాయి బయటికి వచ్చి, "తాతా, ఆ ట్యూబ్‌లైట్ నేనే పట్టుకుంట. నా చేతిల గూడ ఎలిగితె ఆయ్న ఒంట్ల ఏం లేనట్టే కద" అన్నది. చదువుకున్న నాకు అంతవరకూ ఆ మాట ఎందుకు తోచలేదో తెలియదు. చీకటి పడుతుండగా వంటింట్లో ట్యూబ్‌లైటు ఊడదీసుకుని అందరం టవర్ లైను కిందున్న వాళ్ల పల్లి చేనికి నడిచాం. ఛాతీ ఎత్తు దాటనివ్వకండని, తీగల వైపు ఎత్తితే ప్రమాదమని నేను ఒకటే హెచ్చరిస్తున్నాను. ఆమె చేతిలో అది వెలిగింది. తాత లాక్కుని పట్టుకున్నాడు, ఆయన చేతిలోనూ వెలిగింది. పెద్దాయన కాసేపు దాన్నే చూసి, "నాకు ఆరుగురు పిల్లలు" అన్నాడు తనకు తానే చెప్పుకున్నట్టు. తర్వాత కొడుకును పిలిచి, బర్రెను ఇక ఆ పక్క కట్టొద్దని మాత్రం చెప్పాడు.

తిరిగి వస్తుంటే గట్టు మీద ఆ అమ్మాయి రెండడుగులు వెనకబడి, "మరి మీ పనిల నిజంగ భయపడాల్సింది ఏంది?" అని మెల్లగా అడిగింది. "లైను బంద్ చేసినంక ఎర్తింగు చేయకుంట, అంటె తీగెల మిగిలిన కరెంటును భూమిలకు దించకుంట, ముట్టుకుంటె మాత్రం మనిషి మిగలడు" అన్నాను, పరీక్షలో జవాబు చెప్పినట్టు. ఆమె తల వంచుకుని, "అయితె ఎర్తింగు మరువకుండ్రి. ఇంట్ల ఎదురుచూసేటోళ్లు ఉంటరు" అన్నది.

బస్సెక్కగానే మామ, "పిల్ల ఏమన్నదిరా?" అని ఆత్రంగా అడిగాడు. "ఎర్తింగు గురించి మాట్లాడింది" అన్నాను దిగులుగా. పాపం ఆయన నెత్తి కొట్టుకున్నాడు. నేను కిటికీకి తల ఆనించి, ఈ సంబంధం కూడా పోయినట్టేనని దారి పొడవునా కుమిలిపోయాను. ఇద్దరు పిల్లల తండ్రినయ్యాక ఇప్పుడు తలుచుకుంటే ఆ బస్సులో కూర్చున్న కుర్రాడి మీద జాలీ, నవ్వూ కలిసి వస్తాయి. ఇంట్లో ఎదురుచూసేవాళ్లంటే మా అమ్మ గురించి అంటున్నదనుకున్నాడు వాడు.