అమ్మకు చదివి వినిపించని పేజీ

మొన్న ఖమ్మంలో చీర కొంటే గోధుమరంగు కాగితం సంచిలో పెట్టిచ్చారు. మెలితిప్పిన తాడు పిడి, అడుగున పచ్చని ఆకు బొమ్మ. ఆటోలో కూర్చున్నాక దాని మడత దగ్గర ముక్కు ఆనించి చూశాను. జిగురు వాసనే లేదు. చిన్నప్పుడు మా ఇంట్లోనైతే, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదాపిండి జిగురు ఉడికే వాసన కళ్లు తెరవకముందే పలకరించేది.

సత్తుపల్లి నుంచి భద్రాచలం పోయే బస్సులు ఆగే ఊరు మాది, అడివి అంచున. నాయిన పోయినంక అమ్మ పాత పేపర్లు తూకానికి కొని, సంచులు చేసి కిరాణా కొట్లకు వేసేది. మడతలు నావి, జిగురు అమ్మది. గాలికి కాగితాలు లేస్తాయని, మేం అర్ర అనే ఆ ఒంటిగది తలుపు మూసి, కిటికీకి గోనెపట్టా కట్టి, ఫ్యాను ఉన్నా వేయకుండా కూర్చునేవాళ్లం. ఎండాకాలం నా నుదుటి చెమట పడ్డచోట అక్షరాలు ఉబ్బేవి. బయట ఏ కాలం నడుస్తోందో తలుపు సందే చెప్పాలి. ఇప్పపువ్వు తీపి వాసన వస్తే పిల్లలంతా పొద్దున్నే అడివికి పూలేరబోయినట్టు, తునికాకు కట్టలు ఎండే వాసన వస్తే ఎండలు ముదిరినట్టు, తడిమన్ను వాసన వెనకాలే బడి గంట వినబడితే జూన్ వచ్చినట్టు. "వచ్చే యేడు పంపుత బిడ్డా" అనేది అమ్మ, ప్రతి జూన్‌లోనూ.

అక్షరాలు మాత్రం అమ్మే నేర్పింది, ఆ పేపర్ల మీదే. తన చేతులు జిగురులో ఉంటే నన్ను పైకి చదవమనేది. బైబిలు తర్వాత ఆమెకు ఇష్టమైంది వారానికోసారి వచ్చే చిన్న వ్యాపారుల పేజీ: పుట్టగొడుగుల పెంపకం, కొవ్వొత్తులు, అప్పడాల మిషను, ఏ పట్నంలో ఏ సరుకుకు గిరాకీ పెరుగుతోంది, అన్నీ. ఆ మిషన్లు మేం కొనేదీ లేదు, ఆ పట్నాలు చూసేదీ లేదు. అయినా "దేవుడు యేదో ఒకనాడు ఈ పేజీలనే దారి సూపిస్తడు" అని చెవులు ఇటే పెట్టేది.

ఒక కట్టుబాటు ఉండేది మా ఇంట్లో. ఎవరి దేవుడి బొమ్మనూ సంచి చేయకూడదు. శ్రీరామనవమి వెళ్లాక వచ్చే కట్టల్లో సగం కల్యాణం బొమ్మలే ఉండేవి. అవన్నీ తీసి భద్రాచలం పోయేవాళ్ల చేతికిచ్చి గోదాట్లో కలపమనేది. "మన దేవుడు కాకపోతే ఏందే, అందుల ఎండుచేపలు కడ్తమా?" అనేది. క్రిస్మస్‌కు చేసిన గారెలు మా సంచుల్లోనే పక్కిళ్లకు పంపేవాళ్లం. నూనె అంటిన చోట వెనకవైపు వార్త ముందుకు తేలి, రెండు వార్తలూ కలిసిపోయి భలే నవ్వొచ్చేది.

ఊళ్లో సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే కనబడుతున్న రోజుల్లో, కిరాణా కొట్టు యాదగిరి మామ అమ్మను ఆట పట్టించిండు.

"ఏందక్కా, నీ సంచి మీద మంత్రి ఫోటో ఉన్నది. బెల్లం కరిగి ఆయన మూతికంటింది. కొన్నోళ్లంతా ఒకటే నవ్వుడు."

"మంచిదే గదన్నా, ఆయన మాటన్న తీపైతది."

నవ్వుతూనే కొట్టు ముందు వేలాడుతున్న పల్చటి ప్లాస్టిక్ కవర్ల గుత్తి చూపించిండు. "ఇవి తడవయి, చినగయి. వచ్చే అంగడికి సగమే తే అక్కా."

ఆ సాయంత్రం ప్రార్థనలో అమ్మ పక్కనే మోకరించి, కళ్లు గట్టిగా మూసుకుని, "ప్రభువా, ఆ సగం గూడ వద్దనేటట్టు చెయ్యి" అని వేడుకున్నాను. అప్పుడు నాకు పదకొండేళ్లు.

కొన్నాళ్లకు ఒక కట్టలో మళ్లీ ఆ చిన్న వ్యాపారుల పేజీ దొరికింది. పట్నాల్లో ప్లాస్టిక్ వద్దంటున్నారని, బట్టల కొట్లు, మందుల కొట్లు గట్టి కాగితం సంచుల కోసం చూస్తున్నాయని, చేతిపని తెలిసిన ఆడవాళ్లకు ఇదే అదనని రాసుంది. లోపల్లోపలే రెండుసార్లు చదువుకున్నాను. పైకి చదివితే అమ్మ మొహం ఎట్లా వెలుగుతుందో తెలుసు. ఆ తలుపు ఇంకెన్నేళ్లు మూసే ఉంటుందో కూడా తెలుసు.

"ఏందే, ఆగినవ్?"

"ఏం లేదమ్మా. ఎరువుల ధరలు."

ఆ వార్త లోపలికి పోయేటట్టు మడిచి ఇచ్చాను. అమ్మ దాని అంచుకు జిగురు రాసింది.

సగం పావైంది, చివరికి ఏమీ లేకుండా పోయింది. అమ్మ నన్ను బడికి తీసుకుపోయింది. "పదమూడేండ్లొచ్చినయ్, ఏ తరగతిల కూసోవెట్టాలమ్మా?" అన్నారు పెద్దసారు. మరుసటి వారం నుంచి ఇద్దరం మిరపకాయల తొడిమలు తీసే షెడ్డుకు పోయాం. అక్కడా నాలుగు గోడలే, పైగా ఘాటు. అయినా మాకు రెండు పూటలా తిండి తప్పలేదు, నాకు చదవడం వచ్చింది. దేవునికి వందనాలు చెప్పని రోజు లేదు. ఆ పేజీ సంగతి మాత్రం ప్రార్థనలో కూడా ఎత్తేదాన్ని కాదు.

పోయిన నెల చర్చిలో కృతజ్ఞత కూడికప్పుడు, ప్లాస్టిక్ మానేయాలని పాస్టరుగారు చెప్పి అట్లా కూర్చున్నారో లేదో, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి అమ్మ లేచింది. "ఆ కవర్లు రాకపోతే నా బిడ్డ ఆ అర్రలనే ముసల్దయ్యేది. కవర్లు పంపిన దేవునికి వందనాలు" అంది. అందరూ నవ్వారు, పాస్టరుగారు కూడా. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇంటికి నడుస్తూ అమ్మకు అంతా చెప్పాను.

"మంచిపని జేసినవ్. నువ్వు చదివితే నేను ఆశపడుదును" అంది.

అప్పటికి మా పాత ఇల్లున్న చోటికి వచ్చాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ అర్ర పోయింది, యాదగిరి మామ కొట్టూ పోయింది. సంచులు చేసేవాళ్లు ఇప్పుడు ఊళ్లో ఒక్కరూ లేరు. మేం కూర్చున్న చోటు మీంచి బొగ్గు లారీ పోతుంటే పక్కకు జరిగి నిలబడ్డాం.

అది పోయినంక, "బడికైతే పంపలేకపోతి గదనే" అని, అమ్మ నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.