ఎనిమిది కొమ్ముల రౌటరు

ఆ రోజుల్లో మా తిరువూరులో ఇంటికి ఎవరైనా వస్తే ముందు మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళం, ఆ వెంటనే వైఫై పాస్‌వర్డ్ ఇచ్చేవాళ్ళం. ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు. ఊళ్ళోకి ఫైబరు లైను కొత్తగా వచ్చి, ఇంజనీరింగ్ పూర్తిచేసిన ప్రతి కుర్రాడూ ఉద్యోగం దొరికేదాకా చుట్టుపక్కలవాళ్ళ ఫోన్లు బాగుచేస్తూ పెద్దమనిషిగా చలామణీ అయిన రోజులు. నేనూ అలాంటివాణ్ణే. నాకు తెలిసింది కొంచెం, తెలిసినట్టు మాట్లాడింది చాలా. ఆ మాటల బరువంతా మేం ఆపా అని పిలిచే మా అక్క మీద పడిందన్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నవ్వు కూడా వస్తుంది, అది వేరే విషయం.

మా అబ్బాజాన్‌ది ఆటోలకు సీట్లు కుట్టే పని. ఇంటి ముందుగదే దుకాణం. గంపలగూడెం, ఎ.కొండూరు వైపు తిరిగే షేర్ ఆటోలవాళ్ళు సీటు చిరిగితే ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. సీటు కుట్టేదాకా డ్రైవరు కూర్చోవాలి, కూర్చున్నవాడికి పొద్దుపోవాలి. అందుకని అబ్బాజాన్ పాస్‌వర్డును సుద్దముక్కతో తలుపు మీద రాసిపెట్టారు. (నేనొకసారి తుడిచేస్తే మళ్ళీ రాశారు, ఈసారి పెయింటుతో.) వెనకగదిలో మా భాయ్ పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి, తయారైన పెళ్ళిని తయారైనట్టు నెట్‌లోకి ఎక్కించి పెళ్ళివారికి పంపేవాడు. మేడ మీద గది మా ఆపాది. ఆమెకు ఒక ఆన్‌లైన్ కంపెనీలో పిల్లలకు లెక్కలు చెప్పే పని దొరికింది. దొరికిందంటే ఇంకా ఖాయం కాలేదు. నెలాఖరున ఒక పరీక్ష క్లాసు ఉంటుంది, కంపెనీ మేడమ్ ఒకావిడ కనబడకుండా కూర్చుని చూస్తుంది, అది సాఫీగా సాగితేనే ఉద్యోగం. చదువైపోయాక ఎంతో కాలం ఇంటిపట్టునే ఉండిపోయిన ఆపాకు అది మొదటి అవకాశం. "ఇదొక్కటి నిలబడితే చాలురా, ఇంకెవర్నీ ఏమీ అడగను" అనేది.

కానీ క్లాసు మధ్యలో తెర మీద ఆపా బొమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయేది. అవతల పిల్లలు "మేడమ్, మేడమ్" అని అరిచేవాళ్ళు. "మూడొందల స్పీడు లైను వేయించాం కదరా, ఇంకేంటంట?" అన్నారు అబ్బాజాన్, కుట్టుమిషన్ ఆపకుండానే. "లైను మంచిదే అబ్బాజాన్, దానికిచ్చిన రౌటరే ఉత్తది. ఊరికే ఇచ్చిన వస్తువు అంతకన్నా ఏం పనిచేస్తుంది? మంచిది నేను తెస్తాను" అన్నాను. అందులో సగం నిజమే. మిగతా సగం ఏమిటో చెప్పిన నాకే తెలియదు.

విజయవాడ వెళ్ళాను. దుకాణంలో రకరకాల రౌటర్లు వరసగా ఉన్నాయి గాని నా చూపు ఒకదాని మీదే ఆగింది. నల్లటి పెట్టె, చుట్టూ ఎనిమిది యాంటెన్నాలు, నడుమ ఎర్రటి లైటు. "గేమింగ్ రౌటరు సార్, మూడు గోడలు దాటిపోద్ది" అన్నాడు అమ్మేవాడు. లోపలి ప్రాసెసర్ ఏమిటి, మెమరీ ఎంత, లైను నిండిపోయినప్పుడు ఎవరిని ముందు పంపాలో ఎవరిని ఒక్క క్షణం ఆపాలో ఇది చూసుకోగలదా, అంత స్పీడులో ఆ పని చేస్తే తట్టుకుంటుందా అని ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. సంతలో ఎద్దును కొనేవాడు కూడా పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. నేను కొమ్ములు లెక్కపెట్టుకుని వచ్చేశాను. అబ్బాజాన్ దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ ఊపి, "తేలిగ్గా ఉందేంట్రా?" అన్నారు. వస్తువును బరువుతో కొలిచే కాలం పోయిందని ఆయనకు చాలాసేపు వివరించాను.

అమ్మినవాడు అబద్ధం చెప్పలేదు. అది మూడు గోడలే కాదు, ప్రహరీ దాటి, మురుగుకాలువ దాటి, రోడ్డు అవతలకు కూడా పోయింది. అంతకుముందు నెట్ కావాలంటే దుకాణంలోకి వచ్చి కూర్చోవాల్సివచ్చేది, కాబట్టి సీటు పని ఉన్నవాడే వచ్చేవాడు. ఇప్పుడు ఆ అవసరం లేకపోయింది. రెండు మూడు రోజులకే షేర్ ఆటోల అడ్డా కూడలి నుంచి జరిగి మా గోడ పక్కకు చేరింది. వాళ్ళకు పెద్దలాంటి ఒక డ్రైవరును అందరూ గంపలగూడెం బాబాయ్ అనేవాళ్ళు. నేను కనబడితే చాలు, "ఏం ఇంజనీరూ, భలే కొన్నావయ్యా! వెనక సీట్లో పడుకున్నా బొమ్మ ఆగట్లేదు!" అనేవాడు. ఆయన బొమ్మ ఆగనందుకు నేను పొంగిపోయేవాణ్ణి. మేడ మీద ఆపా బొమ్మ మునుపటికంటే ఎక్కువసార్లు ఆగుతున్నదని ఆమె చెబితే మాత్రం, "నీ లాప్‌టాప్ పాతది" అన్నాను. మర్నాడు గోడ మందం అన్నాను. ఆ మర్నాడు లైను వేసినవాణ్ణి పిలిపించి తప్పంతా అతని మీద పెట్టాను. అతను మీటరు పెట్టి చూసి, "లైను బంగారంలా ఉందండి" అని, నేను పోసిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

అసలు సంగతి చిన్నదే. భాయ్ ఒక పెళ్ళిని ఎక్కించడం మొదలుపెట్టగానే మా ఇంటి నుంచి నెట్‌లోకి పోయే దారంతా అదే ఆక్రమించేది. ఆపా మాట ఆ పెళ్ళి వెనక, డ్రైవర్ల సినిమాల వెనక వరసలో నిలబడేది. దాని వంతు వచ్చేసరికి పిల్లలు ఇంకో లెక్కలో ఉండేవాళ్ళు. ఇది నాకు పరీక్ష క్లాసుకు ముందురోజు అర్థమైంది. రౌటరు సెట్టింగుల్లో వెతికితే రద్దీని సర్దే మీట ఒకటి దొరికింది. నొక్కాను, ఆపా లాప్‌టాప్‌ను అందరికంటే ముందు పెట్టాను, గుండె మీద చెయ్యేసుకున్నాను. "రేపు నిశ్చింతగా క్లాసు చెప్పుకో ఆపా, నాదీ పూచీ."

మర్నాడు క్రికెట్ మ్యాచ్ ఉంది. గోడ పక్కన ఆటోలన్నీ నిండిపోయాయి. భాయ్ నెమలి అనే పక్క ఊళ్ళో జరిగిన పెళ్ళి ఒకటి ఎక్కిస్తున్నాడు. ఆపా కొత్త దుపట్టా వేసుకుని క్లాసు మొదలుపెట్టింది. నేను నొక్కిన మీటకు అర్థం, ఇకనుంచి వచ్చే పోయే ప్రతి చిన్నముక్కనూ ఆ రౌటరు ఆపి చూసి పంపాలని. కొమ్ములున్నాయి గాని పాపం దానికి అంత బుర్ర లేదు. కాసేపు వేడెక్కింది, స్పీడు మూడో వంతుకు పడిపోయింది, తరవాత ఎర్రలైటు ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆరింది.

"ఇంజనీరూ, వికెట్ పడేటప్పుడే పోయిందయ్యా!" అని కింద నుంచి బాబాయ్. "నా పెళ్ళి సగంలో ఆగిపోయిందిరా!" అని వెనకగది నుంచి భాయ్. ఆపా మాత్రం ఫోను పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. ఇంట్లో ఫోను సిగ్నల్ అంతంతమాత్రం, రోడ్డు మీద బాగుంటుంది. చుట్టూ చూసి, నేరుగా బాబాయ్ ఆటో ఎక్కి, ఫోనును ముందు కమ్మీకి ఆనించి, పిల్లలతో "భిన్నాల దగ్గర ఆగాం కదా" అంది. డ్రైవర్లందరూ చప్పుడు చేయకుండా చుట్టూ నిలబడ్డారు. బాబాయ్ రోడ్డు మధ్యకు పోయి, హారన్ కొట్టే ప్రతి బండివాడినీ "ష్! క్లాసు!" అని కసిరాడు. క్లాసు బాగానే సాగింది, చివరిదాకా. "పన్నెండు మామిడికాయల్లో మూడో వంతు తీసేస్తే ఎన్ని మిగులుతాయి?" అని ఆపా అడిగితే, పిల్లల కంటే ముందు ఆటో వెనక నుంచి ఎవరో "ఎనిమిదండీ!" అన్నారు.

కంపెనీ మేడమ్ నవ్విందట. పాఠం బాగా చెప్పారు, వచ్చేవారం ఇంకొక్క క్లాసు చూస్తాం, అయితే ఇంట్లో నుంచి చెప్పాలి, ఆటోలో నుంచి కాదు, అందట. "పాస్‌వర్డ్ మార్చేస్తే పోలా?" అన్నాడు భాయ్. అబ్బాజాన్ మిషన్ ఆపారు. "దాహమేసినవాడికి గ్లాసిచ్చి, సగం తాగాక లాక్కుంటారంట్రా? అది మన ఇంట్లో జరగదు." నా వైపు తిరిగి, "ముందు పిల్లకి అందాలి. తరవాత అందరికీ అందాలి. అలాంటిది దొరుకుద్దా, దొరకదా? తెలీకపోతే తెలీదని చెప్పు" అన్నారు.

తెలియదని చెప్పాను. ఆ మాట అంత చిన్నదని అప్పటిదాకా నాకు తెలియదు. చెప్పాక మాత్రం బుద్ధిగా కూర్చుని చదివాను. ఈసారి బొమ్మలు చూడలేదు. లోపల గట్టి ప్రాసెసర్ ఉందా, మా లైను పూర్తి స్పీడులో ఉన్నప్పుడు కూడా వరసలు సర్దగలదా అని వాడినవాళ్ళు రాసినవి వెతికాను. చివరికి తెప్పించింది ఒక చిన్న ఇనపడబ్బా లాంటి రౌటరు. యాంటెన్నా ఒక్కటీ లేదు, వైఫై కూడా లేదు, మూలన ఆవగింజంత లైటు. పెత్తనం డబ్బాకిచ్చి, ఎనిమిది కొమ్ములదాన్ని దాని కింద సిగ్నల్ పంచే పనికి పెట్టాను. (అందులో అది నిజంగానే దిట్ట.) లైను తట్టుకునే స్పీడు కంటే కాస్త తక్కువకే పగ్గం వేసి, ఆపా లాప్‌టాప్‌కు తీగ లాగి, మిగతావాళ్ళందరికీ సమంగా వంతులు పెట్టాను.

రెండో క్లాసు రోజున భాయ్‌ను కావాలనే పెళ్ళి ఎక్కించమన్నాను. డ్రైవర్లు ఎప్పటిలాగే ఉన్నారు. నేను డబ్బా పక్కన కూర్చుని దాన్నే చూస్తూ ఉన్నాను. ఏమీ జరగలేదు. క్లాసు మొదలైంది, నడిచింది, అయిపోయింది. ఎవరూ అరవలేదు. పైన ఆపా పిల్లలకు వీడ్కోలు చెప్పడం వినబడి, గర్వంగా బయటికి వెళ్ళి, "నెట్ ఎలా ఉంది బాబాయ్?" అని అడిగాను. "ఎలా ఉంటది? ఉన్నట్టే ఉంది. కాస్త పక్కకి జరుగు, ఓవరు అయిపోతంది" అన్నాడు.

అంత కష్టపడ్డవాణ్ణి, ఆ వయసువాణ్ణి, తట్టుకోలేకపోయాను. లోపలికి వచ్చి డబ్బా తీగ ఊడపీకాను. "పోయింది! ఇంజనీరూ, పోయిందయ్యా!" అని వీధంతా గొల్లుమంది. గంభీరంగా ముఖం పెట్టి అటూ ఇటూ తిరిగి, స్క్రూడ్రైవరు ఒకటి చేతిలో పట్టుకుని, అందరూ గుమ్మం దాకా వచ్చాక తీగ మళ్ళీ పెట్టాను. "వచ్చిందిరోయ్! ఈ కుర్రాడే లేకపోతే మన గతేంటి?" అన్నాడు బాబాయ్. అబ్బాజాన్ కళ్ళజోడు పైకెత్తి నన్ను చూసి తల ఊపారు. తిరిగి చూస్తే మెట్ల మీద ఆపా. ఎప్పటినుంచి నిలబడి ఉందో తెలియదు. ఉద్యోగం ఖాయమైందన్న మెసేజ్ ఆమె చేతిలో ఉంది, ఊడపీకిన తీగ ఇంకా ఆమె కళ్ళల్లో ఉంది. "క్లాసు అయ్యేదాకా ఆగావు కదా, అది చాల్లేరా" అని నా నెత్తిన మొట్టి, స్వీట్లు తెమ్మని బజారుకు పంపింది.

ఇప్పుడు నా ఉద్యోగం కూడా ఇదే, పెద్ద పెద్ద ఆఫీసులకు నెట్ సర్దిపెట్టడం. అంతా సవ్యంగా నడిచిన రోజున అక్కడ నేనున్నానన్న సంగతి ఎవరికీ గుర్తుండదు, ఉండకూడదు కూడా. అలాంటి సాయంత్రాల్లో ఒక్కోసారి నా చెయ్యి తీగ వైపు పోతుంది. జేబులో పెట్టుకుంటాను.