మొదటి బేరానికే పడిపోయిన రాక్షసుడు

పోయిన వారం అమలాపురంలో ఒక సెల్‌ఫోను రిపేరు కొట్టుకి వెళ్లాను. నా చేతిసంచిలో ఉన్నది ఫోను కాదు, వీడియో గేము ఆడే కంట్రోలరు. రెండు చేతులా పట్టుకునే వీలుగా పెద్ద పీత డిప్పలా ఉంటుంది. కొట్టాయన దాన్ని విప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "ఎవరండీ దీన్ని ఆడేది? ఎడంవేపు మీట కొత్తదానిలాగే ఉంది. కుడివేపుది అరిగిపోయి స్ప్రింగు కుంగిపోయిందండి" అన్నాడు. "మా చిన్నాన్నగారండీ. డెబ్బై రెండేళ్లు" అన్నాను. "పెద్దవాళ్లకని తగ్గింపులేం లేవండీ ఇక్కడ" అని నవ్వేడు. నిజం చెప్పినా బేరం మొదలెట్టిందనుకునే ముఖం నాది. ఎలాగూ ఆ పేరు వచ్చేసింది కదా అని, అతను చెప్పినదానికి సగం అడిగాను. "ఆయ్, అలాగేనండీ" అన్నాడు వెంటనే. అంతే, నా ప్రాణం ఉసూరుమంది. సగానికి సగం తగ్గితే సంతోషించాల్సింది పోయి, ఇంకా తక్కువ అడగకపోయానే అని అక్కడే స్టూలు మీద కూర్చుని దిగులుపడ్డాను. ఆ దిగులులోంచే మా ఇంట్లో గడిచిన ఒక వానాకాలం గుర్తొచ్చింది.

మాది కొత్తపేటలో బట్టల కొట్టు. నాన్న, చిన్నాన్న కలిసి నడిపేవారు. నాన్నకి ఒక నియమం ఉండేది. కొనేవాళ్లు అడిగిన ధర మనకి గిట్టుబాటైనా సరే, వెంటనే ఒప్పుకోకూడదు. ఒకసారి నిట్టూర్చాలి. గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టాలి. తమ్ముడి వంక చూడాలి. తమ్ముడు తల అడ్డంగా ఊపాలి. అప్పుడు ఎంతో బాధగా, "సరే, మీరు గనక ఇస్తున్నానండీ" అనాలి. వెంటనే ఇచ్చేస్తే కొన్నావిడ ఇంటికెళ్లి చీర కట్టుకుని కూడా ఏడుస్తుంది అనేవారు నాన్న. ఆ కొట్టులో పెరిగినదాన్ని కాబట్టి నేను మందుల షాపులో కూడా బేరమాడతాను. ఒకసారి రావులపాలెం బస్సులో టిక్కెట్టు తగ్గించమని కండక్టర్ని అడిగి, దిగేదాకా తల దించుకుని కూర్చున్నాను.

నాన్న నోరైతే చిన్నాన్న చెయ్యి. ఆయన పాప్లిను గుడ్డ చింపడం చూడ్డానికే కొందరు వచ్చేవారంటే అతిశయోక్తి కాదు. అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని ఒక్క లాగు లాగితే సర్రుమని ఆ చివరి దాకా వెళ్లిపోయేది. గీత గీసినట్టు ఉండేది. ఆ చప్పుడయ్యాక ఇంక ఎవరూ బేరం మాట ఎత్తేవారు కాదు.

నాన్న పోయాక కొట్టు చిన్నాన్నే చూసుకునేవారు. కొన్నేళ్ల కిందట ఒక ఉదయం కొట్టు తాళం తీస్తుంటే ఆయన కుడిచెయ్యి తాళం మీదే ఉండిపోయింది. తియ్యమంటే రాలేదు. పక్షవాతం. ఆసుపత్రి నుంచి తిన్నగా అమలాపురంలో మా ఇంటికే తెచ్చుకున్నాం. కాలు త్వరలోనే కదిలింది. చెయ్యి మాత్రం ఒళ్లో పెట్టుకున్న పరాయి వస్తువులా ఉండిపోయింది. ఫిజియోథెరపీ అతను రబ్బరు బంతి ఇచ్చి, పూటకి ఇన్నిసార్లు నొక్కమన్నాడు. చిన్నాన్న రెండు రోజులు నొక్కి దాన్ని కిటికీలో పెట్టేశారు. "ఎంత నొక్కినా ఇది ఏమీ అనదే అమ్మడూ! గోడతో మాట్టాడినట్టుంది" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. చెయ్యి వస్తే కొట్టుకెళతాను, రాకపోతే తాళాలు ఎవరికైనా ఇచ్చేస్తాను, గుడ్డ చింపలేనివాడు గల్లాపెట్టె దగ్గర బొమ్మలా కూర్చోవడం నాకు చేతకాదు అని. ఆయన అన్నమాట మీద నిలబడే మనిషి. అందుకని ఇంట్లో అందరం ఆ చెయ్యి వంకే చూస్తూ తిరిగేవాళ్లం.

మా కోడలిది మలికిపురం. వాళ్లది కొబ్బరి వ్యాపారం. ఈ పిల్ల మాత్రం హైదరాబాదులో గేములు తయారుచేసే కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తుంది. దాని ఉద్యోగం ఏమిటో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఆడటం, ఆడి ఎలా ఉందో రాయడం! అప్పట్లో వాళ్లు ఒక సూపర్ హీరో ఆట తయారుచేస్తున్నారు. హీరో ఆడమనిషే. పసుప్పచ్చ ఉత్తరీయం వేసుకుని మేడల మీద ఎగురుతుంది, రాక్షసుల్ని గుద్దుతుంది. బొమ్మలు బాగున్నాయి, ఎగరడం బాగుంది, అయినా ఆడినవాళ్లంతా తృప్తిగా లేదంటున్నారట. ఎందుకో కనిపెట్టమని పైవాళ్లు దీని మీద పడేశారు. ఒకరోజు భోజనాలయ్యాక, "అత్తయ్యగారూ, మీరొకసారి ఆడి చూడండీ. ఏమీ తెలియనివాళ్లు కావాలి నాకు" అంది. ఆ పొగడ్తకి లొంగిపోయి కూర్చున్నాను.

నాకు కష్టమవుతుందని అన్ని శక్తులూ ముందే ఇచ్చేసింది. నేను మీట తాకితే చాలు, రాక్షసులు పుట్టలోంచి వచ్చిన ఉసుళ్లలా రాలిపోయారు. పావుగంటకి ఆవులింత వచ్చింది. "ఇదేం ఆటే? అడిగిన ధరకే అందరూ ఇచ్చేస్తున్నారు. వాడు కాస్త బెట్టు చెయ్యాలి, నేను కాస్త వెళ్లిపోబోవాలి, వాడు వెనక్కి పిలవాలి. అప్పుడు కదా గెలిచినట్టు?" అన్నాను. కోడలు నవ్వుతుందనుకున్నాను. పుస్తకం తీసి రాసుకుంది.

పక్కన పడకకుర్చీలో ఉన్న చిన్నాన్న అప్పటిదాకా చూస్తూనే ఉన్నారు. "ఆ ఉత్తరీయం ఏం గుడ్డమ్మా?" అన్నారు ఉన్నట్టుండి. "గుడ్డేంటి తాతయ్యగారూ, బొమ్మ కదండీ" అంది కోడలు. "బొమ్మయినా గుడ్డ గుడ్డేనమ్మా. అలా రెపరెపలాడాలంటే పాలిస్టరయ్యుండాలి. కాటనైతే ముందు బరువుగా లేచి, తర్వాత ఎగురుద్ది. ఆవిడ దిగినా నేల మీద బరువు కనపట్టంలేదు, దూదిపింజలా దిగుతోంది. మరి అంత తేలికపాటి మనిషి గుద్దితే ఎవడికి తగుల్తుంది?" కోడలు అదీ రాసుకుంది. అలా కొన్నాళ్లకి కంట్రోలరు చిన్నాన్న ఒళ్లోకి చేరింది. కుడిచేతి చూపుడువేలు కింద ఒక మీట ఉంటుంది. కొద్దిగా నొక్కితే ఆవిడ నడుస్తుంది, పూర్తిగా నొక్కితే ఎగురుతుంది. లోపలికి వెళ్లేకొద్దీ మీట ఎదురుతన్నుతుంది. ఆవిడ నేల మీద దిగితే చేతిలో జుమ్మంటుంది. "ఇది మాట్టాడుతోందే అమ్మడూ!" అన్నారు చిన్నాన్న. బంతి అననిది ఇది అంటోందన్నమాట. ఆ వేలు నడవడం దాకా నొక్కగలిగింది. ఎగరడానికి చాలలేదు.

ఇక్కడే నేనూ కోడలూ తెలివి ఉపయోగించాం. దాని దగ్గర ఆటని గట్టిగానో మెత్తగానో చేసే వీలు ఉంది. చిన్నాన్నకి చెప్పకుండా మెత్తగా చేసేశాం. వేలు ఆనిస్తే హీరో ఎగురుతుంది, గాలి తగిలితే రాక్షసుడు పడతాడు. ఆయన నాలుగు రోజులు వరసగా గెలిచారు. నేను చప్పట్లు కొట్టి, "చూశారా చిన్నాన్నా, చెయ్యి వచ్చేస్తోంది!" అన్నాను. అయిదో రోజు ఆయన ఆట మధ్యలో ఎడంచేత్తో కుడివేలు మీట మీదనుంచి ఎత్తి పక్కన పెట్టారు. రాక్షసుడు అయినా పడ్డాడు.

"వీడు నా చెయ్యి రాకముందే పడుతున్నాడు" అన్నారు చిన్నాన్న. నా వంక తిరిగి, "ఏమే, నాకే నిట్టూర్పులా? మీ నాన్న పక్కన నలభయ్యేళ్లు తల అడ్డంగా ఊపినవాణ్ణి నేను. గెలిపించి పంపడం నాకు తెలీదూ? పాపం, కొనుక్కునేవాళ్లకి తెలీదు కాబట్టి సంతోషపడేవారు. నాకు తెలిసిపోయిందే" అన్నారు. కంట్రోలరు బల్ల మీద పెట్టి, ఆ సాయంత్రం కొట్టు తాళాలు ఎవరికివ్వాలో మాట్లాడారు. నా జీవితంలో ఎన్నో బేరాలు చెడగొట్టుకున్నాను కానీ, అంత సిగ్గుపడ్డది ఆ రోజే.

మూడు రోజులు ఆయన దాని వంక చూడలేదు. నాలుగో రోజు కోడలే వెళ్లి ఎదురుగా కూర్చుంది. "తాతయ్యగారూ, తప్పయిపోయిందండీ. గట్టిదే పెట్టేను. మీరు ఓడిపోతారు. నాకు మాత్రం ఒక్కటి చెప్పండి, గుద్దు ఎందుకు తృప్తిగా లేదంటారు? నా ఉద్యోగం కోసవండీ" అంది. అది కూడా బేరమే అని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా సాయం అడిగితే ఆయన కాదనలేరు. చాలాసేపు ఆలోచించి, "గాటు పెట్టి లాగినప్పుడు గుడ్డ వెంటనే చిరగదమ్మా. రెప్పపాటు పట్టుకుంటుంది. నేను చిరగనా వద్దా అని అడిగినట్టుంటుంది. ఆ తర్వాత వదుల్తుంది. మీ ఆటలో ఆవిడ గుద్దు పట్టుకోవడం లేదు, జారిపోతోంది. తగిలినచోట రెప్పపాటు ఆపి చూడండి" అన్నారు. కోడలు పరుగున వెళ్లి హైదరాబాదుకి ఫోను చేసింది. వారం తిరక్కుండా ఆ మార్పు వచ్చింది. పిడికిలి తగిలినచోట బొమ్మంతా కంటికి తెలిసీ తెలియనంతసేపు ఆగి, అప్పుడు రాక్షసుడు ఎగిరిపడ్డాడు. చేతిలో జుమ్మంది. అదే ఆట, అదే రాక్షసుడు. చూస్తున్న నాకే పళ్లు బిగుసుకున్నాయి. చిన్నాన్న కంట్రోలరు అందుకున్నారు.

ఆ తర్వాత వానలన్నీ ఆయన ఓడిపోతూనే గడిపారు. మధ్యాహ్నం కాఫీ దాకా ఆడటం, ఓడటం, రాక్షసుణ్ణి తిట్టుకోవడం. వానలు వెనకపట్టాక ఒక మధ్యాహ్నం మీట చివరిదాకా వెళ్లింది. ఆవిడ ఎగిరింది. ఉత్తరీయం ముందు బరువుగా లేచి, తర్వాత విచ్చుకుంది. చిన్నాన్న గెలిచానని అనలేదు. "కాటను చేశావా అమ్మా?" అని కోడల్ని అడిగారు. "ఆయ్" అంది అది, కళ్లు తుడుచుకుంటూ.

చలికాలంలో కొత్తపేట వెళ్లిపోయి కొట్టు తెరిచారు. మొదటిరోజు నేను పక్కనే ఉన్నాను. ఎవరో పెద్దావిడ లంగాలకి పాప్లిను అడిగింది. చిన్నాన్న ఎడంచేత్తో గాటు పెట్టి, కుడిచేతి వేళ్లమధ్య అంచు ఇరికించి, ఊపిరి బిగబట్టి లాగారు. సర్రుమంది. సగందాకా తిన్నగా వెళ్లి, అక్కణ్ణుంచి వంకర తిరిగింది. ఆవిడ గుడ్డ వంక, ఆయన వంక చూసింది. "బెత్తెడు కొసరిచ్చేనండీ, మీరు గనక" అన్నారు చిన్నాన్న, ఎంతో బాధగా. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను నవ్వాపుకోలేక వీధిలోకి వచ్చేశాను.

ఇప్పుడు కొట్టు సెలవురోజున ఆయన మా ఇంటికొస్తారు, ఆ రాక్షసుడితో ఇంకా లెక్క తేలలేదని. మీట అరిగింది అందుకే. రిపేరాయన రెండు స్ప్రింగులు చూపించి, "పెద్దాయనంటున్నారు కదా, మెత్తటిది వెయ్యనాండీ?" అన్నాడు. "వద్దండీ, గట్టిదే వెయ్యండి. మెత్తటిదైతే కనిపెట్టేస్తారు" అన్నాను. ఇంటికొస్తూ ఆటోలో అనుకున్నాను. ఆ చెయ్యి విషయంలో కాలం మేమడిగినంతా ఇవ్వలేదు. పెదవి విరిచింది, గుడ్డ మడతపెట్టేసింది, మేం లేచి వెళ్లిపోబోతుంటే వెనక్కి పిలిచి, వంకరగానైనా కొంత చింపి ఇచ్చింది. అదీ మా నాన్నలాంటి పాత వ్యాపారే అయ్యుండాలి, లేకపోతే మేమింత తృప్తిగా ఇంటికి రాము.