అమ్మ ఉన్నట్టు రుజువు

బళ్లారిలో ఒక కాలేజీలో ఫిలాసఫీ చెప్పుకొని బతుకుతున్నాను నేను. "అన్నిటినీ అనుమానించండి. అనుమానించేవాడు ఒకడున్నాడన్నది మాత్రం మిగులుతుంది" అని ఏటేటా కొత్త పిల్లలకు చెబుతాను. వాళ్ళు రాసుకుంటారు, పరీక్షలో దించేస్తారు. ఎవరికీ నిద్ర చెడదు.

నాయన పోయాక అమ్మకు మతిమరుపు ఎక్కువైంది. సండూరులో అన్న దగ్గర ఉంటోంది. ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి వాకిట్లో కూర్చుని, మైన్స్ లారీలు రేపే ఎర్ర దుమ్మును చూస్తోంది. నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది. "పాపా, నేను ఉండానా, పోయినానా?"

పాఠాలు చెప్పే బుద్ధి ఎక్కడికి పోతుంది? "అడుగుతాండావు కదమ్మా. అడగాలంటే ఉండాల్సిందే కదా" అన్నాను.

"అడిగేది నేనేనని నీకెట్ల తెలుసు? సుమ్నే, ఊరికే మాటలు చెప్పొద్దు" అంది.

నా క్లాసులో ఎవరూ అంత దూరం రాలేదు. మురిసిపోవాలో ఏడవాలో తెలియక ఏడ్చాను. ఎందుకట్లా అనిపిస్తాందమ్మా అంటే, "మీ అన్న ప్రార్థనలో నన్ను చెప్పడంలే" అంది.

అప్పుడు అర్థమైంది. మాది పాత క్రైస్తవ మిషన్ సంఘం. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఇంట్లో ఒక్కొక్కరి పేరూ చెప్పి దేవుడికి అప్పగిస్తాం. పోయినవాళ్ళ కోసం మాత్రం ప్రార్థించం. వాళ్ళు ఆయన దగ్గరే ఉన్నారు, మన సిఫారసు అక్కర్లేదు. అన్నకు చిన్నప్పటి నుంచీ "అమ్మానాయనల్ని కాపాడు" అని ఒకే ఊపిరిలో అనడం అలవాటు. నాయన పోయాక ఆ మాట అనలేక, దాన్ని దాటేసి ముందుకు పోతున్నాడు. అమ్మ రోజూ చెవి ఒగ్గి విని, తన సంగతి తానే తేల్చుకుంది.

అన్నకు చెప్పాను. మా సంఘానికి పెద్దైన అన్న, నియమాల దగ్గర వీసమెత్తు వంగని మనిషి, టవల్లో ముఖం దాచుకున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ పక్కనే చాప మీద కూర్చుని, "ప్రభువా, మా అమ్మను కాపాడు. మా అమ్మకు మంచి నిద్ర ఇయ్యి" అన్నాడు.

అమ్మ కళ్ళు తెరిచి నా చెయ్యి గట్టిగా నొక్కింది. "ఉండా పాపా, ఉండా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. "మరి మీ నాయన్ని చెప్పలేదేమప్పా?" అంది అన్నతో.

అన్న నా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. మళ్ళీ కళ్ళు మూసుకుని, "మా నాయన్ని కూడా కాపాడు ప్రభువా" అన్నాడు.