మేడం రాసిన ‘జర ఆగు’

మేడం ఇక లేరన్న కబురు నాకు మియాపూర్ మెట్రో మెట్ల మీద అందింది. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మేనేజర్ రెండు లైన్లు పెట్టారు. కింద ఒకరి తర్వాత ఒకరు చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. నేనూ ఒకటి పెట్టి రైలెక్కాను. కూర్చున్నాక గానీ విషయం లోపలికి దిగలేదు. నాకు ఈ ఊళ్లో పని నేర్పిన మనిషి పోయింది. అమీర్‌పేటలో రైలు మారాల్సినవాణ్ణి మూడు స్టేషన్లు దాటి వెళ్లిపోయాను.

హైటెక్ సిటీ అనగానే అందరూ అద్దాల మేడలే అనుకుంటారు. మాది ఆ మేడల నీడలో, ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో ఉన్న చిన్న కంపెనీ. లిఫ్టులకు ప్రోగ్రాములు రాస్తాం. ప్రగతి నగర్ నుంచి చందానగర్ దాకా చాలా అపార్ట్‌మెంట్లలో నడిచేది మా ప్రోగ్రామే. లిఫ్టు మొరాయిస్తే పైన మోటారు గదిలో ఒక బుల్లి తెర మీద అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన నంబరు వెలుగుతుంది. అది చూడటానికి ఏదో మంత్రంలా ఉంటుంది గానీ, అసలు సంగతి సులువే. ప్రోగ్రాములో చేసే ప్రతి పనికీ మేం ఒక పేరు పెడతాం. యంత్రానికి పేర్లతో పనిలేదు. ఒక్కో పేరుకూ మెమరీలో ఒక చోటు ఇచ్చేసి, ఆపైన ఆ చోటు నంబరుతోనే నడిపించేస్తుంది. ఏ పేరు ఏ నంబరు దగ్గర మొదలవుతుందో రాసి ఉన్న జాబితాను మేం మ్యాపు అంటాం. తెర మీది నంబరును మ్యాపులో వెతికితే, లిఫ్టు ఏ పని చేస్తుండగా ఆగిపోయిందో తెలిసిపోతుంది.

కంప్యూటరును అడిగితే క్షణంలో వెతికి పెడుతుంది. మేడంకు అది నచ్చేది కాదు. ప్రతి వర్షన్ మ్యాపునూ ప్రింటు తీసి, అట్ట ఫైలులో పెట్టి, బీరువాలో దాచేవారు. అవతల అపార్ట్‌మెంట్ నుంచి వాచ్‌మన్ ఫోన్ చేస్తే ముందు, వరస తప్పకుండా మ్యాపు చదవడానికి, చెక్క స్కేలు చేతిలోకి తీసుకునేవారు.

“నీ పేరేంది తమ్మీ? లోపల ఎవరన్న ఉన్నరా? లేరు గదా, ఫికర్ లేదు. ఇగ మెల్లగ చదువు. గది బస్సు బి నా, డబ్బా డి నా? మంచిగ చూడు. ఆఁ, ఇప్పుడు డబ్బా మీద స్టిక్కర్ ఉంటది, దాని మీద వర్షన్ నంబర్ చదువు.”

మాది గోదావరి వైపు. నేను ఫోనెత్తి, “చెప్పండి, చూడండి, చదవండి,” అంటుంటే మేడం పక్క నుంచి నవ్వేవారు. “నీ అండీలు అయిపోయేటాలకు ఆ వాచ్‌మన్ నిద్రపోతడు,” అనేవారు. శనివారాలు జొన్నరొట్టె తెచ్చి, నేను నమలలేక తంటాలు పడుతుంటే చూసి ఇంకా నవ్వేవారు.

మేమంతా పనులకు ఇంగ్లీషు పేర్లు పెడితే, మేడం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లు పెట్టేవారు. ‘తలుపు మూసిందా’, ‘ఎవరు పిలిచిన్రు’, ‘ఎక్కినోళ్లు ఎందరు’. మ్యాపు తిరగేస్తుంటే ఆ ముక్కల దగ్గర ఇంటికొచ్చినట్టుండేది. వాటిలో ఒకటి ‘జర ఆగు’. తలుపు మూసుకుంటుండగా ఎవరైనా అడ్డం వస్తే, మళ్లీ తెరిచి ఇంకో నాలుగు సెకన్లు ఆపి ఉంచే పని అది. మెల్లగా నడిచేవాళ్ల కోసం రాశారు.

నేను చేరిన రెండో ఏడు, మేడం సెలవులో ఉన్న రోజు, ప్రగతి నగర్‌లో ఒక లిఫ్టు తలుపు తెరుచుకుని అలాగే బిగుసుకుపోయింది. వాచ్‌మన్ నంబరు చదివాడు. కంప్యూటర్లో ఉన్న కొత్త మ్యాపులో వెతికాను. ‘జర ఆగు’ అని వచ్చింది. సీనియర్ తప్పు పట్టేశానన్న సంబరంలో అందరికీ మెయిల్ కొట్టేశాను. మేనేజర్ వెంటనే ఆ నాలుగు సెకన్లు తీసేయమని రాశారు.

మర్నాడు మేడం వచ్చి ఒక్క మాటే అడిగారు. “స్టిక్కర్ అడిగినవా?”

అడగలేదు. ఆ లిఫ్టులో ఉన్నది పాత వర్షన్. ప్రోగ్రాములో నాలుగు లైన్లు చేర్చినా కిందివన్నీ జరిగి, అదే నంబరు దగ్గరికి ఇంకో పేరు వచ్చి కూర్చుంటుంది. మేడం పాత ఫైలు, స్కేలు నా ముందు పెట్టారు. స్కేలు కింద తేలిన పేరు నేను పెట్టింది. నేను రాసిన పని.

“మ్యాపు ఎన్నడు తెల్వదనదు. తప్పు మ్యాపు గూడ ఏదో ఒక పేరు చెప్తది,” అన్నారు. “మా గల్లీల ఇండ్లకు పాత నంబర్లు వేరే, కొత్తవి వేరే. పాత నంబర్ పట్టుకొని పోయినా ఎవరో ఒకరు తలుపు తీస్తరు. గని మనోళ్లు కాదు.” వెళ్తూ వెళ్తూ, “మెయిల్ నువ్వే రాయి,” అన్నారు.

తప్పు నాదని ఒప్పుకునే ఆ మెయిల్ మూడు రోజులు రాయలేదు. ఆ వారమే నా ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం మీద మేనేజర్ సంతకం కావాలి. ఆ మూడు రోజుల్లో మేడం, మేనేజర్ చెప్పిన ప్రకారం, తన నాలుగు సెకన్లను తన చేత్తోనే తీసేశారు. నేను పక్క సీట్లో కూర్చుని చూస్తూ ఊరుకున్నాను. సంతకం అయిన మర్నాడు మెయిల్ రాశాను. మేడం ‘జర ఆగు’ను మళ్లీ పెట్టేశారు. ఆ తర్వాత ఏడేళ్లు కలిసి పనిచేశాం. నేనెందుకు ఆలస్యం చేశానో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ఆవిడ రిటైరయిన రోజున చెబుదామనుకున్నాను. దండలు, ఫొటోలు అయిపోయాయి. నోరు రాలేదు.

ఆదివారం చందానగర్‌లో మేడం ఇంటికి వెళ్లాను. మేడం వాళ్ల సారు కర్ర సాయంతో వచ్చి తలుపు తీశారు. ఫొటో ముందు కాసేపు కూర్చున్నాక, ఇక ఆగలేక, మెయిల్ సంగతి మొత్తం ఆయనకు చెప్పేశాను.

ఆయన తల ఊపారు. “తెలుసు బిడ్డా. గప్పుడే చెప్పింది. నువ్వన్న రాయరాదే అంటే, పోరనికి కాగితం రావాలె, జర ఆగుదాం, ఆడే రాస్తడు అన్నది.”

ఆవిడకు తెలుసు. తెలిసే, నా కోసం, తన పేరు మీద తప్పు మోస్తూ మూడు రోజులు కూర్చున్నారు. ఒక్కసారి ఆ చెక్క స్కేలు పక్కన నిలబడి, ఆ గొంతు వినాలని ఎంత అనిపించిందో చెప్పలేను.

వచ్చేటప్పుడు లిఫ్టెక్కి బటన్ నొక్కాను. ఆ లిఫ్టులో ఉన్నదీ మా ప్రోగ్రామే. తలుపు మూసుకుంటుండగా సారు వెనకాలే వచ్చి కర్ర అడ్డం పెట్టారు. తలుపు వెనక్కి జరిగింది.

“కింద కుక్క ఉంటది. జర చూస్కొని పో.”

అంతే చెప్పి కర్ర తీసి వెనక్కి తగ్గారు. తలుపు మాత్రం మూసుకోలేదు. ఆయన భుజం పక్కగా ఇంటి గుమ్మం, గుమ్మం బయట మేడం చెప్పులు కనిపిస్తున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టాను. ఐదో అంకె అనకముందే తలుపు మెల్లగా మూసుకుంది.